మూకుడులో అన్నం

"సందు చివర కొట్టుండగా, రెండు బస్సులు మారి కూరలు తెచ్చే మహారాణివి నువ్వొక్కదానివే" అని పొద్దున్న మా ఆయన అన్న మాట, మార్కెట్లో సంచులు సర్దుకుంటున్నంతసేపూ చెవిలో గింగురుమంటూనే ఉంది. సందు చివర కొట్టులో చిప్స్ పొట్లాలు, బిస్కెట్లు, రంగునీళ్ళ సీసాలు ఉంటాయి. టమాటాలు వస్తే మెత్తబడేదాకా అక్కడే ఉంటాయి. ఆ కొట్టులో పచ్చగా ఉండేది తలుపుకి వేసిన రంగు ఒక్కటే.

నేను మందుల కంపెనీలో సీసాలకు మూతలు బిగించే మిషను దగ్గర నిలబడతాను. రెండు నెలల కిందట కళ్ళు తిరిగి దాని మీదకే తూలాను. కంపెనీ నర్సు రక్తం పరీక్ష చేసి, హిమోగ్లోబిన్ ఎనిమిదే ఉంది, పది దాటకపోతే మిషను దగ్గర ఉంచరు, మాత్రలు వేసుకో, ఆకుకూరలు, పప్పు, గుడ్లు తిను అని చెప్పింది. మొన్న మళ్ళీ చూస్తే ఏడున్నరకి దిగింది. వారం వారం కొంటూనే ఉన్నాను మేడమ్ అన్నాను. ఆవిడ సూదికి మూత పెడుతూ, నా వైపు చూడకుండానే, "కొంటున్నావా అని కాదమ్మా, తింటున్నావా అని అడిగాను" అంది. నెలాఖరుకి ఆఖరి పరీక్ష. అప్పటికీ ఇలాగే ఉంటే ఇంటికి పంపేస్తారు.

తింటున్నానా? కూర దిగగానే అత్తయ్యకి వడ్డిస్తాను, పెద్దావిడ కదా. తర్వాత ఆయనకి, మర్నాటి క్యారేజీకి కూడా కాస్త తీసిపెట్టి. ఆ తర్వాత పిల్లకి, ఎదిగే వయసు. గుడ్లు ఎన్ని ఉడికించినా నా దాకా వచ్చేసరికి ఒకటి తక్కువ పడుతుంది. చివరికి నేను మూకుడులోనే అన్నం వేసుకుని, అడుగంటినదాన్ని గరిటెతో గీరి కలుపుకుంటాను. మూకుడులో కలిపిన అన్నం రుచే వేరు, ఆ అదృష్టం ఆడవాళ్ళదే అంటుంది అత్తయ్య. ఆవిడా ముప్పై ఏళ్ళు అదే తిన్నదట. నిజమే, రుచిగానే ఉంటుంది. అందుకే ఇన్నేళ్ళూ దాన్ని భోజనమనే అనుకున్నాను.

రెండో బస్సు వంతెన దగ్గరే ఆగిపోయింది. అవతల రోడ్డు తవ్వేశారు, ఇక పోదు, దిగండి అన్నాడు కండక్టరు. ఇంటికి ఇంకా రెండు కిలోమీటర్లు. ఒక సంచీలో ఆకుకూర కట్టలు, కందిపప్పు, గుడ్లు. ఇంకోదాంట్లో ఆయన వేపుడుకని బంగాళాదుంపలు, అత్తయ్య అడిగిన పుచ్చకాయ. ఫోన్ చేశాను.

"ఏమండీ, బండేసుకుని వంతెన దాకా వస్తారా?"

"ఇప్పుడే కాళ్ళు కడుక్కుని కూర్చున్నాను. మెల్లిగా రా, ఎవరు తరుముతున్నారు? దుంపలు మర్చిపోలేదుగా?"

నడిచాను. ఒక పక్క తవ్విన గుంత, ఇంకో పక్క ఒంటిని రాసుకుంటూ పోయే మట్టి లారీలు. మధ్యలో ఒక్క మనిషి పట్టే దారి. పాతిక అడుగులకోసారి సంచులు దించి, వేళ్ళు విదిలించుకుని, మళ్ళీ ఎత్తుకున్నాను. సగం దూరంలో చెవుల్లో హోరు మొదలైంది. తర్వాత కళ్ళ ముందు నల్లచుక్కలు. వాటిని నేను ఎరుగుదును. మిషను మీద తూలిన రోజు ముందుగా వచ్చినవి అవే. ఇక్కడ తూలితే గుంతలోకే. పక్కనున్న టీ బడ్డీ బల్లని పట్టుకుని అలాగే కూలబడ్డాను.

టీ అమ్మే ఆవిడ నీళ్ళిచ్చి, నా మొహం చూసి, సంచులు చూసింది. "రెండూ మొయ్యలేవు అమ్మాయ్. ఒకటి ఇక్కడ పెట్టి పో. నేనెక్కడికీ పోను."

నా చెయ్యి దానంతటదే ఆకుకూరల సంచీ మీదికి పోయింది. సగం జరిపాను కూడా. అప్పుడు ఆ చేతిని చూశాను. ఎవరూ అడగకుండా, ఎవరూ తిట్టకుండా, ఆయన లేని చోట, అత్తయ్య లేని చోట, నా వాటా తీసి పక్కన పెడుతోంది. ఆ సంచీని ఒళ్ళోకి లాక్కుని, దుంపల సంచీని బల్ల కిందకి తోశాను.

ఇంటికెళ్ళి, కాసేపు గోడకి ఆనుకుని కూర్చుని, ఆకుకూర పప్పు వేసి వండాను. గుడ్లు మూడే ఉడికించాను. ఆయన వంటింట్లోకి తొంగి చూసి దుంపలేవి అన్నారు.

"వంతెన దారిలో టీ బడ్డీ దగ్గరున్నాయి. బండి మీద ఐదు నిమిషాలు."

ఆయన అత్తయ్య వైపు చూశారు, కోడలికి బుద్ధి చెప్పమన్నట్టు. అత్తయ్య నోరు తెరిచింది. నేను మూడు కంచాలు పెట్టి, అత్తయ్యకీ, పిల్లకీ, నాకూ నిండుగా కూర వేసి, తలా ఒక గుడ్డు పెట్టాను. ఆవిడ తన కంచం చూసింది. నా కంచం చూసింది. ఏమనుకుందో, ముద్ద కలుపుకుంది.

"మరి నాకు?" అన్నారు ఆయన.

అన్నం గిన్నె, మూకుడు, గరిటె తెచ్చి ఆయన ముందు పెట్టాను.

"అడుగున ఇంకా అంటుకుని ఉందండీ. గీరి కలుపుకోండి, దాని రుచే వేరు."