వెనక్కి తిరగని రైలు

నాంచారమ్మ యాభై రెండేళ్ళకి ఒక అబద్ధం ఆడింది, అదీ తిన్నగా ఆడలేకపోయింది. "జ్వరం తగిలిందండీ, రేపొస్తానండీ" అని ఫోన్లో మూలుగుతుంటే వెనకాల గుడివాడ స్టేషన్లో సమోసాలవాడి కేకలు, రైలు కూతలు. అవతల భీమవరం హాస్టల్ వార్డెన్ త్రిపురసుందరిగారు ఆ కేకలన్నీ విన్నారు. "రేపు నాలుగింటిలోపు రాకపోతే వంటకి ఇంకొకావిణ్ణి పెట్టుకోవాల్సి వస్తుందమ్మా" అని చెప్పి పెట్టేశారు.

జ్వరమూ లేదు, గిరమూ లేదు. జరిగింది చెప్పుకోవడానికి నోరు రాలేదంతే.

హంసలదీవిలో పుట్టి పెరిగిన మనిషికి పడవలు తెలుసుగానీ రైలు తెలీదు. దివిసీమలో రైలు పట్టా అన్నదే లేదు. ఇదిగో వస్తోంది, అదిగో వస్తోంది అని ఆవిడ తాత రోజుల నుంచీ చెప్పుకుంటూనే ఉన్నారు, వచ్చింది లేదు. మొగుడు పోయిన ఆరేళ్ళుగా పెళ్ళిళ్ళకి, పేరంటాలకి వండి బతుకుతోంది. ముహూర్తాలు లేని నెలల్లో పొయ్యి వెలిగించడమే కష్టం. అలాంటప్పుడు భీమవరంలో ఆడపిల్లల హాస్టల్లో వంట పని దొరికింది. నెల జీతం, ఉండటానికి గది. బస్సులో పోవచ్చుగా అంటారేమో. వంద మందికి వండే ఆవిడ డేగిశాని చూస్తే అనరు. చేతికి అలవాటైన ఆ డేగిశా లేకుండా కదలనంది ఈవిడ, దాంతో ఎక్కనివ్వనన్నాడు కండక్టరు.

అందుకని ఆ పొద్దున చేపల వ్యానులో బందరొచ్చి, జన్మలో మొదటిసారి రైలెక్కింది. గుడివాడ దాకా బాగానే ఉంది. అక్కడ రైలు ఆగి, ఎంతకీ కదలలేదు. చివరికి కదిలింది, వచ్చిన వైపుకే కదిలింది. నాంచారమ్మ గబుక్కున లేచింది. అయ్యో, ఇది మళ్ళీ బందరు పోతోంది! డేగిశా ముందు, తను వెనక, ప్లాట్‌ఫారం మీద పడింది. రైలు మాత్రం నిక్షేపంగా భీమవరం పోయింది.

సాయంత్రం ఇంకో రైల్లో బందరొచ్చి మేనకోడలింట్లో తలదాచుకుంది. మర్నాడు పొద్దున్నే స్టేషన్‌కొచ్చి ఎంక్వైరీ కిటికీ ముందు నిలబడింది. లోపల మైకు దగ్గర కూర్చున్న అమ్మాయి పేరు నాజియా.

"ఏమ్మా, భీమవరానికి వెనక్కి తిరగని రైలు ఏదన్నా ఉందా?"

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. నాజియా నవ్వలేదు. "గుడివాడలో దిగిపోయారా పిన్నిగారూ?" అంది.

అంతే, నాంచారమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ పిల్లకి ఎలా తెలిసిందో అర్థం కాలేదు.

"నాన్నా, ఒకసారి ఇటు రా" అని నాజియా కేకేసింది. టీ కొట్టు దగ్గర నుంచి ఒక పెద్దాయన లేచొచ్చాడు. ఆయన ఖాసిం. ముప్పై ఎనిమిదేళ్ళు ఎర్రచొక్కా వేసుకుని ఇదే స్టేషన్లో సామాన్లు మోశాడు. మోయడం మానేశాక ఇంట్లో కాలు నిలవక రోజూ ఇక్కడికే వస్తాడు. బొగ్గింజన్ల కాలంలో ఇక్కడ తన తండ్రి నీళ్ళ గొట్టం దగ్గర పనిచేశాడని అడగకపోయినా చెబుతాడు.

"సిగ్గుపడమాక చెల్లెమ్మా. మీ దివి వాళ్ళు ఎంతమంది దిగిపోయారో నాకు తెలుసు. ఒక పెళ్ళికొడుకు బాసికంతో సహా దిగిపోయాడు" అన్నాడు ఖాసిం, కూతురు సంగతి చెప్పగానే. తర్వాత వేలితో అరచేతి మీద గీత గీశాడు. "బందరుతో పట్టా అయిపోద్ది. ఆ తర్వాత సముద్రమే. ఇక్కణ్ణించి పోయింది గుడివాడలో రెండుగా చీలుద్ది. బెజవాడ ఓ పక్కకి, భీమవరం ఓ పక్కకి. భీమవరం పట్టా ఎనక్కి మళ్ళినట్టుంటది. అందుకని ఇంజను ఇప్పి అటు కొసకి తగిలిస్తారు."

నాంచారమ్మ ఆ గీతని చాలాసేపు చూసింది. మడ అడవుల్లో కాలవ ఇరుగ్గా ఉన్నచోట పడవని తిప్పడానికి వీలుకాదు. గెడ వేసేవాడు లేచి అటు చివరికి నడుస్తాడు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే.

"అంటే పడవ తిరగదన్నమాట. గెడ వేసేవాడే అటెళ్తాడు" అంది.

"ముప్పై ఎనిమిదేళ్ళలో ఇంత తేలిగ్గా చెప్పడం నాకు చేతకాలేదు" అని ఖాసిం డేగిశా తనే నెత్తికెత్తుకుని పెట్టె దాకా మోశాడు. కూలి ఇవ్వబోతే కసురుకున్నాడు.

రైలు బయలుదేరే ముందు మైకులో నాజియా గొంతు వినిపించింది. రైలు నంబరు, వేళ, ప్లాట్‌ఫారం, రోజూ చదివే ముక్కలే. తర్వాత కాగితంలో లేని మాటలు వచ్చాయి. "గుడివాడలో ఇంజన్ రెండో చివరకి మారుతుంది. రైలు వెనక్కి వెళ్తున్నట్టు అనిపిస్తుంది. భీమవరం వెళ్ళేవాళ్ళు దయచేసి దిగవద్దు." ఆ మాటలు తన కోసమేనని నాంచారమ్మకి తెలుసు. కిటికీలోంచి చెయ్యి ఊపింది. లోపలున్న నాజియాకి కనపడే వీలు లేదు, అయినా ఊపింది.

గుడివాడలో రైలు వచ్చిన దారినే కదిలింది. అంతా తెలిసినా సరే, నాంచారమ్మ కాళ్ళు వాటంతటవే లేవబోయాయి. డేగిశాని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. ఎదుటి సీట్లో ఉన్న, అవనిగడ్డ నుంచి భీమవరం పోతున్న ముసలాయన సంచి భుజానేసుకుని తలుపు వైపు నడిచాడు.

నాంచారమ్మ ఆయన చొక్కా పట్టుకుని లాగింది. "కూర్చోండి మావయ్యగారూ. ఇది భీమవరమే పోద్ది, నాది పూచీ" అంది. నిన్నటి దాకా రైలు ముఖం చూడని మనిషి.

మూడున్నరకి హాస్టల్ గేటు దగ్గర ఆటో దిగింది. దారి పొడుగునా జ్వరం కథ అల్లుకుంటూనే వచ్చింది. ఎప్పుడు తగిలింది, ఏ మాత్ర వేసుకుంది, అన్నీ సిద్ధం. త్రిపురసుందరిగారు వరండాలోకి వచ్చి డేగిశాని, ఆవిణ్ణి మార్చి మార్చి చూశారు.

"జ్వరం తగ్గిందా?"

అల్లిన కథంతా నాంచారమ్మ నాలిక చివర దాకా వచ్చింది. ఒక్కటి చెప్పినందుకే రాత్రంతా నిద్ర లేదు, రెండోది తన వల్ల కాదనిపించింది.

"జ్వరం కాదండీ. గుడివాడలో రైలు ఎనక్కి పోతోందని దిగిపోయానండీ. సిగ్గేసి అబద్ధం చెప్పాను."

వార్డెన్‌గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నాంచారమ్మ డేగిశా ఎత్తుకోవడానికి వంగింది. ఇక వెళ్ళిపొమ్మంటారు అనుకుంది.

"మాదీ దివిసీమే, చల్లపల్లి" అన్నారు త్రిపురసుందరిగారు. "ఇక్కడ ఉద్యోగంలో చేరడానికి వస్తూ నేనూ దిగిపోయాను. నేను కడుపునొప్పని చెప్పాను. ఇరవై ఏళ్ళయింది, ఇంతవరకూ ఎవరికీ నిజం చెప్పలేదు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో తెలీదు. త్రిపురసుందరిగారు డేగిశాకి ఒక పక్క పట్టుకున్నారు, నాంచారమ్మ రెండో పక్క పట్టుకుంది. వంటింటి వైపు నడుస్తూ, "రాత్రికి ఎంతమంది పిల్లలండీ?" అని అడిగింది.