తేజశ్రీకి రక్తం ఎందుకు పట్టలేదు

అనంతపద్మనాభం పాతికేళ్ళుగా గర్భిణులకు చేపలు తినమని చెబుతున్నాడు. తాను మాత్రం పుట్టి బుద్ధెరిగాక చేప ముక్క నోట పెట్టి ఎరగడు. తండ్రి ద్వారకా తిరుమల దగ్గర చిన్న గుడిలో అర్చకుడు. కొడుకు చదువుకుని హెల్త్ ఎడ్యుకేటర్ అయ్యాడు. ఏలూరులో కాపురం, కొల్లేటి అంచు పల్లెల్లో ఉపన్యాసాలు. "చిన్న చేపలు ముళ్ళతో సహా నమిలి తినాలమ్మా" అని ఆయన అంటుంటే ఆడవాళ్ళు నోటికి కొంగులు అడ్డం పెట్టుకునేవాళ్ళు. ఒకావిడైతే అడిగేసింది కూడా.

"తమరెప్పుడైనా నమిలారాండీ?"

ఆ పూట ఉపన్యాసం అక్కడితో సరి.

అయినా ఆయనకు తన ఉపన్యాసం మీద నమ్మకం సడలలేదు. పద్నాలుగు పటాలున్న బొమ్మల పుస్తకాన్ని స్కూటర్ వెనక కట్టుకుని తిరిగేవాడు. గొంతు తండ్రిది, గుడంతా మోగే గొంతు. ఇంత చెప్పినా జనం మారలేదంటే లోపం వాళ్ళ చెవుల్లో ఉండాలి తప్ప ఆ గొంతులో ఉండే ప్రసక్తే లేదు.

అందుకే, మండవల్లి అవతల జమ్ములంకలో తేజశ్రీ అనే అమ్మాయికి మూడు నెలలుగా ఐరన్ మాత్రలు ఇస్తున్నా హిమోగ్లోబిన్ ఏడున్నర దాటకపోయేసరికి, రిజిస్టరులో 'కారణం' అన్న గడిలో 'నిర్లక్ష్యం' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. ఆ అమ్మాయికి అప్పుడు ఆరో నెల. మొదటి కాన్పులో నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ పది రోజులకే పోయింది.

ఆరోగ్య కేంద్రం డాక్టరు పెర్సిస్ ఆయన కూతురి ఈడుది. రిజిస్టరు చూసి, "ఎవరి నిర్లక్ష్యమండీ?" అంది.

"ఆ అమ్మాయిదేనండి. మాత్రలు వేసుకోవడం లేదు."

"మీరు చూశారా?"

"చూడక్కర్లేదండి. పాతికేళ్ళ అనుభవం."

"అయితే ఒక్క రోజు చూసి రండి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ ఇంటి దగ్గరే ఉండండి. పుస్తకం మాత్రం ఇక్కడే పెట్టి వెళ్ళండేం."

పుస్తకం లేకుండా ఊళ్ళోకి వెళ్ళడం ఆయనకు చొక్కా లేకుండా వెళ్ళినట్టనిపించింది.

శ్రావణమాసపు ముసురు. జమ్ములంక చుట్టూ చేపల చెరువులే, దారంతా గట్ల మీదే. ఏడింటికల్లా తేజశ్రీ ఇంటికి చేరాడు. అత్తగారు కనకమ్మ హడావిడిగా ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేసింది, టీ ఇచ్చింది. టీ చిక్కగా, కమ్మగా ఉంది. రెండో గ్లాసు కూడా తాగి, "పాలు బాగున్నాయమ్మా, గేదె ఉందా?" అని అడిగాడు.

"గేదెలెక్కడివండీ, మేత ఏదీ? అంగన్‌వాడీలో మా కోడలికిచ్చిన పాల ప్యాకెట్టండి. మీరొచ్చారు కదా అని కత్తిరించాను."

కడుపుతో ఉన్న పిల్ల బలానికిచ్చిన పాలు, ఆ పిల్ల బలం గురించి విచారించడానికి వచ్చినవాడి పొట్టలో చేరాయి. తిరిగి ఇద్దామన్నా ఇవ్వగలిగిన వస్తువు కాదు. అనంతపద్మనాభం ఖాళీ గ్లాసును కుర్చీ కింద పెట్టి పాదంతో కాస్త వెనక్కి తోశాడు.

ఇంతలో తేజశ్రీ ఐరన్ మాత్ర తీసి, తన వాటా టీతో గుటుక్కున మింగింది.

"రోజూ వేసుకుంటున్నావామ్మా?" అని అడిగాడు.

"ఒక్క రోజు మానలేదండి. పరగడుపున నీళ్ళతో వేసుకుంటే వాంతవుతుందండి. టీతో అయితే కడుపులో నిలుస్తుంది."

టీతో వేసుకుంటే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. ఆ ముక్క పుస్తకంలో పన్నెండో పటం మీద ఉంది. కానీ పదో పటం దగ్గరకొచ్చేసరికి ఎప్పుడూ ఆయనకు ఆకలి వేసేది. పాతికేళ్ళలో పన్నెండో పటం తిప్పిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నిర్లక్ష్యం ఎవరిదో ఆయనకు అప్పుడే తెలిసింది గానీ, ఒప్పుకోవడానికి ఇంకా పొద్దుంది కదా అని ఊరుకున్నాడు.

"పెరట్లో తోటకూర వేసుకోవచ్చు కదమ్మా?" అన్నాడు కనకమ్మతో.

ఆవిడ పెరట్లోకి తీసుకెళ్ళి చూపించింది. నేల మీద తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. "పక్క చెరువుల ఊట ఎక్కేస్తోందండి. ఆ వెనకది మా అరెకరం. వరి మానేసి మూడేళ్ళయింది."

"పోనీ, చుట్టూ చేపలే కదా..."

"అవి ఐసులో పెట్టి లారీలెక్కించే చేపలండి. మేం మట్టగిడసలు పట్టుకుని వండుకునే రోజులు పోయాయి."

ఇక ఆయన సలహాలివ్వడం మానేశాడు. సలహాలు కూడా అయిపోయాయి.

తొమ్మిదింటికి తేజశ్రీ సైకిలు తీసి, వెనక ఇరవై లీటర్ల టిన్ను కట్టుకుంది. కుళాయి నీళ్ళు ఉప్పగా, పచ్చగా వస్తాయి. మంచినీళ్ళ ప్లాంటు పక్క ఊళ్ళో ఉంది. నీళ్ళ ఆటో వానాకాలం గట్టు మీదికి రాదు. మొగుడు దుర్గేష్ తెల్లవారకముందే చెరువుల్లో మేత వేయడానికి వెళితే మధ్యాహ్నానికి గానీ రాడు. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. రానుపోను నాలుగు కిలోమీటర్లు సైకిలు నడిపించుకుంటూ వెళ్ళి రావాలి. "కడుపుతో ఉన్నవాళ్ళు బరువులు ఎత్తరాదు" అన్నది ఆయన మూడో పటం. అది మాత్రం ఏ ఊళ్ళోనూ ఎప్పుడూ మానలేదు.

ఆయనా వెంట వెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పుడు పౌరుషం పొడుచుకొచ్చి, "ఇలా తే అమ్మా" అని హ్యాండిలు అందుకున్నాడు. "జారుతుందండి, చెప్పులు విప్పండి" అంటోంది తేజశ్రీ. ఇతరుల సలహా వినే అలవాటు ఆయనకెక్కడిది? వంద గజాలు నడిచాడో లేదో, సైకిలు ఒకవైపు, టిన్ను ఒకవైపు, ఆయన మూడోవైపు పడ్డారు. నీళ్ళన్నీ నేలపాలు.

"దెబ్బ తగిలిందాండీ?" అంటూ ఆ పిల్ల, తన కడుపు తను పట్టుకుని, ఆయన్ను లేవదీసింది. తర్వాత టిన్ను కట్టుకుని మళ్ళీ వెనక్కి తిరిగింది. ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని వెనకే నడిచాడు.

మధ్యాహ్నం దుర్గేష్ వచ్చాడు. అప్పటికి అనంతపద్మనాభానికి మరో ఇబ్బంది మొదలైంది. చిన్నగా, "బాబూ, బాత్రూమ్..." అన్నాడు.

"మరుగుదొడ్డి కట్టించారు గానీ వానాకాలం గుంటలోకి ఊట ఎక్కి పైకి పొంగిపోతుందండి. గట్టు వెనక ఎక్కడైనా వెళ్ళండి, ఏం పర్లేదు."

గట్టు వెనక నిలబడ్డాక ఆయనకు తట్టింది. ఆ 'ఎక్కడైనా' అన్న మాట మగవాళ్ళకే. పొద్దుటి నుంచి తేజశ్రీ ఆ టీ తప్ప గుక్కెడు నీళ్ళు తాగడం ఆయన చూడలేదు. వచ్చి అడిగితే ఆ పిల్ల తలదించుకుంది. కనకమ్మే చెప్పింది, "చీకటి పడితే గానీ వెళ్ళలేం కదండీ, అందుకని తాగం. దానికి మంట, జ్వరం నెలకోసారి వస్తూనే ఉంటాయి. ఆడదానికి మామూలే కదా అని చెప్పలేదండి."

మూత్రంలో అలాంటి ఇన్‌ఫెక్షను ముదిరితే నెలలు నిండకుండానే కాన్పు రావచ్చు. మొదటి కాన్పు అలా ఎందుకయిందో తెలుసుకోవడానికి అడగాల్సిన ప్రశ్నలన్నీ ఆయనకు వరసగా గుర్తొచ్చాయి. వాటిలో ఒక్కటీ ఆయన ఏనాడూ అడగలేదు. చెప్పే పనిలో ఉన్నవాడు ఎక్కడ అడుగుతాడు!

సాయంత్రం బురద చొక్కాతో ఏలూరు చేరాడు. స్నానం చేసి భోజనానికి కూర్చుని, భార్య ఆండాళ్ళు దగ్గర ఆవేశపడ్డాడు. "చూశావా, ఆ ఇంట్లో అందరూ తిన్నాక, మిగిలితేనే ఆ పిల్ల తింటుంది. ఎంత అన్యాయం!"

గరిటెతో పక్కన నిలబడ్డ ఆండాళ్ళు అంది, "ఏవండీ, నేనెన్నింటికి తింటానో మీకు తెలుసా?"

ఆయనకు తెలియదు. ముప్ఫై ఏళ్ళ కాపురం. పళ్ళెం ఒకటి తెచ్చి ఆవిడ ముందు పెట్టబోయి, పళ్ళేలు ఎక్కడుంటాయో కూడా ఆవిడనే అడిగాడు.

మర్నాడు రిజిస్టరులో 'నిర్లక్ష్యం' మీద అడ్డంగా గీత కొట్టాడు. అసలు కారణాలు ఆ గడిలో పట్టలేదు. మూడు తెల్లకాగితాలు నింపి అతికించాడు. పన్నెండో పటం సంగతి కూడా దాచకుండా రాశాడు. డాక్టరు పెర్సిస్ చదివి నవ్వలేదు. వెంటనే తేజశ్రీని పిలిపించి మూత్ర పరీక్ష చేయించి, ఇన్‌ఫెక్షనుకు మందులు మొదలుపెట్టి, ఐరన్‌ను నరం ద్వారా ఎక్కించడానికి రోజులు రాసిచ్చింది. ఆ రోజుల్లో దుర్గేష్ పని మానుకుని తీసుకొచ్చేలా ఒప్పించే బాధ్యత అనంతపద్మనాభానిది.

నీళ్ళ కోసం, మరుగుదొడ్ల కోసం ఆయన పంచాయతీ కార్యదర్శి చలపతిరావు దగ్గరికి వెళ్ళాడు.

"సార్, తమరిది ఆరోగ్యం. నీళ్ళతో తమకేం పనండీ?" అన్నాడు చలపతిరావు ఎంతో మర్యాదగా.

నిన్నటిదాకా, ఊళ్ళో ఎవరైనా నీళ్ళ సంగతి ఎత్తితే తనూ అదే మాట అనేవాడు కనుక, అనంతపద్మనాభానికి కోపం రావడానికి వీల్లేకపోయింది. ప్రతి మంగళవారం వెళ్ళి ఎదురుగా కూర్చోవడం మొదలుపెట్టాడు. ఆ గొంతు మొదటిసారి పనికొచ్చింది. అది భరించలేకో, పెర్సిస్ రాసిన ఉత్తరాలకో, వినాయక చవితి వెళ్ళాక గట్టు మీద కంకర పడింది, నీళ్ళ ఆటో లంకలోకి వచ్చింది. పదిళ్ళకు మరుగుదొడ్లు ఎత్తు దిమ్మల మీద కట్టాలని తీర్మానమైతే, ఆరిళ్ళకు కట్టారు. తేజశ్రీ వాళ్ళది ఆరోది.

కార్తీకమాసంలో ఏలూరు ఆసుపత్రిలో తేజశ్రీకి ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోల ఆరువందలు. కాన్పు నాటికి తల్లి రక్తం పదికి కాస్త తక్కువ. గొప్ప అంకె కాదు గానీ, తల్లీబిడ్డా క్షేమం. చూడటానికి వెళితే కనకమ్మ బిడ్డను ఆయన చేతుల్లో పెట్టేసింది. పాతికేళ్ళుగా బిడ్డను ఎత్తుకునే పద్ధతి నేర్పుతున్న మనిషి, తల కింద చెయ్యి ఎక్కడ పెట్టాలో ఆవిడనే అడిగాడు.

"మీ పేరు పెడదామనుకున్నామండి, ఆడపిల్ల అయిపోయింది" అంది కనకమ్మ.

"బతికిపోయిందమ్మా. పలకడానికే దానికి ఊపిరి చాలేది కాదు."

తేజశ్రీ పడుకునే నవ్వింది. ఆ పిల్ల నవ్వగా ఆయన చూడటం అదే మొదలు. బిడ్డను తల్లి పక్కన జాగ్రత్తగా పడుకోబెట్టి, సెలవు తీసుకుని బయటికొచ్చాడు. ఆ రోజు మంగళవారం. మిగిలిన నాలుగిళ్ళ సంగతి కనుక్కోవడానికి స్కూటర్ పంచాయతీ ఆఫీసు వైపు తిప్పాడు.