మరీ బాగా సర్దిన పెట్టె

బాగుచేయించడానికి వేరే ఊరు పంపిన కుట్టుమిషను పార్సిల్లో తిరిగొచ్చింది. పెట్టె మూత తీయగానే సెనగగింజలంత తెల్లటి థర్మకోల్ గుండ్లు నేలంతా దొర్లాయి. పది నెలల పాప పాకుతూ వచ్చి ఒకటి నోట్లో వేసుకుంది. తల్లికి పై ప్రాణాలు పైనే పోయాయి. వేలు పెట్టి గుండు బయటికి లాగి, మిగతావన్నీ ఊడ్చి, పెట్టెతో సహా వీధి మలుపులో ఆగిన చెత్తబండిలో పడేసి వచ్చాక గానీ ఊపిరి తీసుకోలేదు. పెట్టె మీది చిరునామా చీటీ మాత్రం ముందే ఊడదీసి దాచింది. ఫోన్ నంబరున్న కాగితం ఎవరి చేతిలో పడుతుందోనని అదో భయం.

అప్పుడు విప్పింది మిషనుకు చుట్టిన గుడ్డ. ఇనుప మెడకు అడ్డంగా పగులు. చక్రం కదల్లేదు.

అది ఆడితేనే ఆమె బట్టలు కుట్టుకుంటూ ఇంట్లో ఉండగలదు. లేదంటే పాపను వదిలి మళ్లీ బట్టల ఫ్యాక్టరీకి పోవాల్సిందే. లారీ ఎక్కిన భర్త వారాల తరబడి రాడు. పార్సిల్‌కు బీమా ఉంది. మిగిలింది ఆ ఒక్క ఆశే.

"సామాను వచ్చిన పెట్టె, లోపల నింపినవి అలాగే ఉన్నాయా మేడమ్?" పార్సిల్ కంపెనీ అమ్మాయి ఫోన్లో అడిగింది. "మా మనిషి వచ్చి చూస్తారు. అవి లేకపోతే క్లెయిమ్ రాదు."

"ఉన్నాయండీ," అనేసి నాలుక కరుచుకుంది ఆమె.

పక్కనే ఉన్న అత్త బుగ్గలు నొక్కుకుంది. "ఓసినీ! చెత్తబండి ఈపాటికి ఊరు దాటేసుంటుంది. వెనకాల పరిగెత్తుతావా?"

"పిల్ల నోట్లో పడతాయని పారేశానంటే నమ్ముతారా అత్తయ్యా?"

"నమ్మకపోతే పోనీ. నిజమైతే ఏం చెప్పామో గుర్తుపెట్టుకునే పని ఉండదు."

మర్నాడు ఫ్యాన్ల దుకాణంలో ఖాళీ పెట్టె ఒకటి, టీవీల కొట్టులో థర్మకోల్ పలకలు అడిగి తెచ్చింది. ఏదో పైపైన సర్దుదామనే కూర్చుంది. కానీ చెయ్యి ఊరుకోలేదు. మూలమూలకూ పలక కోసి బిగించింది. మెడ కింద మెత్త పెట్టింది. పెట్టెను ఊపి చూసి, కాస్త కదిలిందనిపిస్తే విప్పి మళ్లీ కట్టింది. చివర్న పాత చీటీ అంటించింది.

"మిషనును పెళ్లికూతుర్ని చేశావు కదే," అంది అత్త.

మూడోరోజు కంపెనీ మనిషి వచ్చాడు. నెరిసిన మీసం, చంకలో ఫైలు. పెట్టెను ఊపాడు, తెరిచాడు, ఒక్కో పలకా తీసి పక్కన పెట్టాడు.

"ఎవరు సర్దారో గానీ ఆ చేతులకు దండం పెట్టాలమ్మా. మేడ మీంచి పడేసినా ఇందులో ఇనుము విరగదు."

ఆమె ముఖం వెలిగింది. అంతలోనే ఆయన కలం తీశాడు.

"కాబట్టి దారిలో విరగలేదు. పెట్టె తెరిచాక ఇంట్లో ఎవరి చేతిలోంచో జారింది. అలా రాస్తున్నాను."

"జారలేదు సార్! పగిలే వచ్చింది. ఇది ఆ పెట్టె కాదు. అది పాప కోసం పారేశాను. ఇదంతా నేనే సర్దాను సార్!"

ఆయన ఆగాడు. నేల మీద పాకుతున్న పాపను చూశాడు. గొంతు తగ్గింది.

"నాకూ మనవరాలుందమ్మా. మొదటిరోజే ఈ మాట చెప్పుంటే పైవాళ్లను అడిగేవాణ్ని. తప్పకుండా ఇప్పించేవాణ్నని మాత్రం చెప్పలేను. ఇప్పుడు నిజం రాస్తే పెట్టె మార్చారని కొట్టేస్తారు. నేను చూసింది రాస్తే ఇంట్లో పగిలిందని కొట్టేస్తారు. ఏది రాయను?"

ఆమె వంగి పాపను ఎత్తుకుంది.

"నిజమే రాయండి సార్. జారవిడిచానని మాత్రం రాయొద్దు."

సంతకం పెట్టిస్తున్నంతసేపూ ఆయన తలెత్తలేదు. ఆయన వెళ్లాక ఆమె ఫ్యాక్టరీ సూపర్‌వైజరమ్మకు ఫోన్ చేసింది.

"రేపే వచ్చెయ్. ఎనిమిదింటికల్లా గేటు మూసేస్తారు. పిల్లనెవరు చూస్తారు?"

"మా అత్తయ్య ఉన్నారు."

ఫోన్ పెట్టేసి అత్త ముందు కూర్చుంది. అన్నం ఎంత మెత్తగా మెదపాలో, ఏ వైపు పడుకోబెడితే నిద్రపోతుందో, జ్వరమొస్తే ఎవరిని పిలవాలో ఒక్కొక్కటీ చెప్పసాగింది. నలుగురిని పెంచిన ఆ మనిషి ఒక్కదానికీ వెక్కిరించలేదు. అన్నిటికీ తలూపుతూ వింది. అది చూసి కోడలికి ఏడుపు ఆగలేదు.