స్తంభానికి వాత

కరెంటు కంపెనీ క్రేను బండి వాగు దాటి రావడం లొరేనా టాకెట్ దూరం నుంచే చూసింది. ఆమె చేతిలో తుపాకి ఇంకా వెచ్చగానే ఉంది. తెల్లారినప్పటి నుంచి ఆమె, మరిది డెల్బర్ట్ ఒకే పని చేస్తున్నారు. డెక్కలూడి, పొదుగులు కాలి, పడుకోలేక నిలబడి ఉన్న తమ ఆవుల బాధ తీరుస్తున్నారు.

నిన్నటి పడమటి గాలి మనిషిని నిలబడనివ్వలేదు. ఆ గాలికి వాగు పక్క కరెంటు స్తంభం విరిగి, తీగ ఎండుగడ్డి మీద పడింది. టెక్సస్ ఉత్తరపు మైదానంలో చలికాలం చివరి గడ్డికి నిప్పురవ్వ చాలు. లొరేనా బండి ఎంత జోరుగా తోలినా మంట పక్కనే పరిగెత్తింది. చీకటి పడేసరికి కంచెలు, కొట్టాలు, ముసలి హాటీ గ్రబ్స్ ఇల్లు, ఆ ఇంట్లో హాటీ, అన్నీ బూడిదయ్యాయి.

స్తంభం ఒరిగిందని లొరేనా రెండేళ్లుగా ఫోను చేస్తూనే ఉంది. ప్రతిసారీ ఒక తీయని గొంతు "మీ ఫిర్యాదు నమోదైంది మేడమ్" అనేది. అన్నాళ్లూ దారి దొరకని బండికి ఇవాళ బూడిద చల్లారకముందే దొరికింది.

మేస్త్రీ వెండెల్ దిగి టోపీ తీశాడు. చిన్నప్పుడు ఆదివారాలు చర్చిలో ఆమె దగ్గర బైబిలు కథలు విన్నవాడే.

"చాలా ఘోరం జరిగింది లొరేనా గారూ. కొత్త స్తంభం పాతేసి పోతామండీ. అందరూ చీకట్లో ఉన్నారు."

"పాతుకో నాయనా. పొయ్యి మిగిలుంటే కాఫీ కూడా ఇచ్చేదాన్ని."

"పాతదాన్ని మా యార్డుకి చేర్చమన్నారు."

"విరిగిన కట్టె మీద ఇంత ప్రేమేంటి మీ వాళ్లకి? నిలబడి ఉన్నన్నాళ్లూ ఒక్కడూ తొంగిచూడలేదే!"

ఆమె విరిగిన కొసను బూటుతో తన్నింది. లోపలి నుంచి కాఫీ పొడి లాంటి పుచ్చు రాలింది.

"కౌంటీ సర్కారు నుంచి విచారణకి మనిషి వస్తున్నాడు. అతను దీన్ని చూడాలి. ఇది మాయమైతే రేపు మీ లాయర్లు పిడుగు పడిందంటారు. లేదా హాటీ సిగరెట్టు వల్లే అంటారు."

"హాటీ సిగరెట్టు తాగదు కదండీ."

"ఆ ముక్క హాటీ వచ్చి చెబుతుందా?"

వెండెల్ తల దించుకున్నాడు. "ఎత్తకపోతే నా ఉద్యోగం పోతుంది" అని గొణిగి, గొలుసు దింపమని క్రేను మనిషికి చెయ్యి ఊపాడు.

లొరేనా తన బండి దగ్గరికి నడిచింది. మంద ఎవరిదో తెలిసేలా దూడలకు వాతలు పెట్టే ఇనుప కడ్డీ తీసింది. దాని కొసన అర్ధచంద్రం కింద టాకెట్ల అక్షరం ఉంటుంది. పక్కనే ఆమె గడ్డిమోపులు నిన్నటి నుంచి లోలోపల కణకణలాడుతున్నాయి. కడ్డీని అందులో గుచ్చి, ఎర్రబడేదాకా నిలబడింది. తర్వాత తెచ్చి, స్తంభం మీద కాలని చోట రెండు చేతులా అదిమింది. పొగ లేచింది.

"ఏం చేశారండీ ఇది!" అన్నాడు వెండెల్.

"నా నేల మీద పడి ఉంది. నా వాత ఉంది. ఎత్తుకో, చూస్తాను."

వెండెల్ ఫోను మోగింది. అవతలి గొంతు లొరేనాకు కూడా వినపడేంత గట్టిగా ఉంది. "ఎక్కించావా, లేదా?"

"దాని మీద వాత ఉంది సార్."

"వాతేంటయ్యా? మన స్తంభమే కదా!"

"మనదే సార్. కానీ నేను ఇక్కడే పుట్టాను. ఇంకొకరి వాత ఉన్నదాన్ని బండెక్కిస్తే మా అమ్మ గుమ్మం ఎక్కనివ్వదు. మీరే వచ్చి ఎత్తండి. అడ్రసు మీకు తెలుసు. రెండేళ్లుగా ఫిర్యాదుల్లో ఉంది."

అతను గొలుసు పైకి లాగించి, కొత్త స్తంభం పాతి, ఆమె వైపు చూడకుండానే వెళ్లిపోయాడు.

డెల్బర్ట్ వచ్చాడు. "వదినా, వాగు అవతల ఇంకా కొన్ని ఆవులు నిలబడి ఉన్నాయి."

లొరేనా స్తంభం మీద కూర్చుని తుపాకి అతని చేతికిచ్చింది. "నేను కదిలితే వాళ్లు మళ్లీ వస్తారు. నువ్వు వెళ్లు. నల్లచెవి ఆవు అక్కడుంటే ముందు దాన్ని చూడు. పాపం, దానికి భయం ఎక్కువ."

అవతల తుపాకి మొదటిసారి పేలినప్పుడు ఆమె అరచేతిని వాత మీద ఉంచింది. దాని మాడిన అంచులు గుచ్చుకున్నాయి. అయినా తియ్యలేదు.