పడని ముడి

నేను ఒక పందివలను. కుందేలు వలను కాను, చేపల వలను అంతకన్నా కాను. నా కన్నులోకి పంది మూతి దూరుతుంది, తల దూరదు. నా పనితనమంతా ఆ తేడాలోనే ఉంది.

వేటకు పోయేవాళ్ళు బల్లేన్ని పొగుడుతారు, కుక్కను పొగుడుతారు. నన్ను ఎవరూ పొగడరు. బల్లెం చేతిలో ఉన్నంతసేపు ప్రతివాడూ వీరుడే. పంది ఎదురుగా వచ్చినప్పుడు వీరుడు చెట్టెక్కుతాడు, కుక్క పొదలోకి దూరుతుంది. అక్కడ నిలబడేది నేను. నిలబడడమంటే బిగిసి నిలబడడం కాదు. బిగించి కట్టిన వలను పంది చించుకుని పోతుంది. సన్నటి ఊతకర్రల మీద వదులుగా ఆనించిన వల, పంది తగలగానే జారి దాని మీద పడుతుంది. అది ఎంత కొట్టుకుంటే అంత చుట్టుకుంటుంది. ఈ సంగతి బూదిగుట్ట కింద పల్లెలో అందరికీ తెలుసు. వలల విషయంలోనే తెలుసు. తమ విషయానికి వచ్చేసరికి అందరూ బిగుసుకునేవాళ్ళే.

నన్ను చేసింది సుంకన్న అని ఊరంతా అనుకుంటుంది. అతను చేసింది ఏమిటంటే గట్టు వెంబడి జనుము చల్లాడు, కోసి వంకలో నానబెట్టాడు, నార తీశాడు. నారను తొడ మీద పేని తాడు చేసింది అతని భార్య మారెక్క. కన్ను కన్నుకూ ముడి వేసింది మారెక్క. చేతి బలం చాలని చోట పంటితో పట్టి లాగేది. తంగేడు చెక్క ఉడికించి ఆ ఎర్రనీళ్ళలో నన్ను ముంచింది కూడా ఆమే. అది పట్టిన నారను చెద ముట్టదు. మొదటి వేట రోజు సుంకన్న నన్ను భుజాన వేసుకుని, నేనే అల్లినానని పదిమందిలో చెప్పుకున్నాడు. మారెక్క వాకిట్లో నిలబడి విన్నది. నవ్వింది. కాదనలేదు. ఆడవాళ్ళు ఇలాంటివి వదిలేస్తారు. వదిలేసినందువల్ల లోకానికి ఏ మేలూ జరిగినట్టు నేను చూడలేదు.

ఇవి అడవి చట్టాలు ఇంకా ఆ గుట్టల దాకా రాని రోజులు. పండిన శనక్కాయ చేలను పందులు ఒక్క రాత్రిలో దున్ని పోయేవి. అందుకని ఊరంతా కలిసి వేటకు పోయేది. ఒక్క ఇంటి వల పందిని ఆపలేదు. గుట్ట అడుగున ఒక ఇంటి వలకు ఇంకో ఇంటి వలను కలిపి బారుగా నిలుపుతారు. ఒక్కొక్క వల వెనుక దాని యజమాని బల్లెం పట్టుకుని కూర్చుంటాడు. పైనుంచి డప్పులవాళ్ళు పందులను తోలుకొస్తారు. వలకు వలకు మధ్య పడే ముడే వేటకు ప్రాణం. ఆ ముడి లేకపోతే అంత బారు వలా ఉత్త తడిక.

ఆ ముడికి ఒక పద్ధతి ఉంది. పిల్లనిచ్చిన ఇంటి వల, పిల్లను తెచ్చుకున్న ఇంటి వల పక్కపక్కనే నిలవాలి. పిల్లనిచ్చినవాళ్ళు మొదటి ముడి వేయాలి. తెచ్చుకున్నవాళ్ళు దాని మీద రెండో ముడి వేయాలి. అలా మా పక్కన నిలిచేది మారెక్క తమ్ముడు పాలన్న వల. ఏళ్ళ తరబడి పాలన్న ముందు ముడి వేసేవాడు, సుంకన్న దాన్ని బిగించేవాడు. ఆ సందున ఏ పందీ దాటలేదు.

చలికాలంలో మారెక్కకు జ్వరం వచ్చింది. మాట తడబడింది. సుంకన్న నన్ను భుజాన వేసుకుని గుట్టకు పోయాడు. తిరిగి వచ్చేసరికి అదే తగ్గుతుందన్నాడు. పాలన్న వాకిట్లో ఎడ్లబండి ఉంది. దాని నిండా శనక్కాయ మూటలున్నాయి. మూటలు దింపి అక్కను ఎక్కించుకుని ఆసుపత్రికి పోవలసినవాడు, బావ రానీ, అడిగి పోదాం అనుకుని మండీకి పోయాడు. ఇద్దరూ తిరిగి వచ్చేసరికి ఇంటిముందు ఆడవాళ్ళు ఏడుస్తున్నారు. ఆ రోజు నాలో ఏమీ పడలేదు.

మనుషులకు ఒక చావుకు ఒక దోషి కావాలి. ఇద్దరుంటే వాళ్ళకు లెక్క కుదరదు. బండి ఇయ్యకుండా చంపినాడని సుంకన్న అన్నాడు. ఇంట్లో లేకుండా చంపినాడని పాలన్న అన్నాడు. దినాలయ్యాక ఇద్దరికీ మాటల్లేవు.

చేలు మళ్ళీ పచ్చబడ్డాయి. ముసలి పంది ఒకటి మందను వెంటబెట్టుకుని దిగడం మొదలుపెట్టింది. వలపెద్ద తిప్పయ్య వేట చాటించాడు. వలల బారు ఎక్కడ నిలవాలో, ఎవరి పక్కన ఎవరుండాలో చెప్పేది ఆయనే. సుంకన్న, పాలన్న చోట్లు మార్చమని ఎవరో అడిగారట. చచ్చినంతమాత్రాన చుట్టరికం చస్తుందా అన్నాడట తిప్పయ్య. పెద్దమనిషి మాట. వినడానికి బాగుంటుంది.

పొద్దెక్కేసరికి మమ్మల్ని నిలిపారు. సుంకన్న నన్ను ఊతకర్రల మీద ఆనించాడు. పాలన్న వైపు కొసను నేల మీద వదిలి వెనక్కి వచ్చి కూర్చున్నాడు. పాలన్న కూడా తన వల నిలిపి, కొస వదిలి కూర్చున్నాడు. రెండు కొసల మధ్య ఒక మనిషి అడ్డంగా పడుకునేంత సందు.

పద్ధతి ప్రకారం పాలన్న ముందు రావాలి. కానీ అక్క పోయాక నేను పిల్లనిచ్చినవాడిని ఎట్లవుతానని అతని లెక్క. సుంకన్న తానే ముందు చెయ్యి చాపితే తప్పు తనదని ఒప్పుకున్నట్టు. ఇద్దరూ సందువైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి చాలా కష్టపడ్డారు.

తిప్పయ్య బారు వెంబడి నడుస్తూ వచ్చాడు. ప్రతి వల దగ్గరా ఒకే మాట అడిగాడు, ముడి పడిందా అని. వంగి చూడడు. ఒకడి ముడిని వంగి చూడడమంటే వాడి మాటను నమ్మనట్టు, అది ఆ ఊళ్ళో పెద్ద అవమానం. పాలన్న పడిందన్నాడు. సుంకన్న పడిందన్నాడు. సందును ఎత్తుగా పెరిగిన బోదగడ్డి కప్పేసింది. తిప్పయ్య సాగిపోయాడు. గౌరవం మిగిలింది, ముడి మిగల్లేదు.

నాకు నోరుంటే అరిచేదాన్ని.

గుట్ట మీద డప్పు మొదలైంది. ముందు ఎక్కడో పిడుగు దొర్లినట్టు, తరువాత దగ్గరగా. నెమళ్ళు కూస్తూ లేచిపోయాయి. ఒక కుందేలు నా కంతలోంచి దూరి సుంకన్న కాళ్ళ మధ్యనుంచి పరిగెత్తింది. అతను కదల్లేదు. అతని చెమట వాసన నాకు తెలుస్తోంది. అవతల పాలన్న బల్లెం పట్టు మార్చుకుంటున్నాడు, మళ్ళీ మార్చుకుంటున్నాడు. పందులు పొదలు విరుచుకుంటూ దిగుతున్న చప్పుడు వినిపించింది. బారు ఆ చివర ఎవరి వలో కూలింది. కేకలు, పంది అరుపు, కుక్కల మొరుగు.

ముసలి పంది ఆ గోలలోకి రాలేదు. ముసలివాటికి తొందర ఉండదు. అది వలల బారుకు కాస్త ఎడంగా ఆగి గాలి పీల్చింది. తంగేడు వాసన దానికి ఎరుకే. తగలకుండా బారు వెంబడి నడవసాగింది, దారి ఎక్కడ దొరుకుతుందా అని. సంతలో బేరానికి వచ్చినవాడిలా నడిచింది. మావైపు.

పాలన్న చూశాడు. బల్లెం కింద పెట్టాడు. మోకాళ్ళ మీద పాకుతూ సందులోకి వచ్చాడు. ఒక చేత్తో తన వల కొస పట్టుకుని రెండో చెయ్యి చాపాడు.

"బావా, నీ కొస ఇట్లియ్యి."

సుంకన్న కొస చేతిలోకి తీసుకున్నాడు. ఇస్తాడనుకున్నాను. ముడి వేయడానికి రెప్పపాటు చాలు, ఆ చేతులకు అది అలవాటు. అతను కొసను తనవైపు లాక్కున్నాడు.

"మీ యక్క మంచంలో ఉన్నపుడు రాని చెయ్యి ఇప్పుడెందుకురా?"

"ఆ పొద్దు నువ్వు యాడుంటివి? ఈ గుట్టలోనే కదా ఉండేది."

"నా మాట ఇడువు. బండి ఎవురిది?"

"మొగుడు ఎవురు?"

ఇంత మాట్లాడుకోవడానికి వాళ్ళకు వ్యవధి ఉంది. ముడి వేసుకోవడానికి లేదు. గడ్డి చీలింది. పాలన్న తల తిప్పేలోపే పంది అతని మీదుగా పోయింది. బల్లెం వెనక ఎక్కడో ఉంది. కోర తొడలో దిగి పైకి చీల్చింది. సుంకన్న తన బల్లెం విసిరాడు, అది మట్టిలో గుచ్చుకుంది. పంది చేలవైపు దిగిపోయింది. దాని వెనక మంద కూడా అదే సందున పోయింది. అంత బారు వలలు, అంతమంది మనుషులు, అన్ని డప్పులు. దారి చూపింది ఆ సందు.

సుంకన్న తలగుడ్డ విప్పి తొడకు బిగించి కట్టాడు. రోడ్డు దాకా మోసుకుపోవాలి. మంచం తెప్పించే వేళ కాదు. నన్ను మడతలు పెట్టి, వాసానికి రెండు చివరలా కట్టి, అందులో పాలన్నను పడుకోబెట్టారు. పంది కోసం అల్లిన కన్నుల్లోంచి మనిషి నెత్తురు కారింది. తలవైపు సుంకన్న భుజం పెట్టాడు, కాళ్ళవైపు ఇంకొకడు పట్టి ముందు నడిచాడు. మిగతావాళ్ళు కేకలు వేసుకుంటూ, దారి చేస్తూ ఇంకా ముందుకు పోయారు. ఆ కేకల్లో వెనక గొంతు తగ్గించి మాట్లాడుకున్నది వాళ్ళిద్దరికీ, నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

"ఊర్లో అడిగితే నేనే ముడి మరిచినానని చెప్తా," అన్నాడు పాలన్న.

 నేను కొస లాక్కుంటినని చెప్పమన్నాడు సుంకన్న.

"చెప్పను."

"చెప్పురా."

"చెప్పను బావా. చెప్తే ఊరు నిన్ను తిడ్తాది, దండగ ఏస్తాది. నీకు తేలికైపోతాది. మా యక్కది మోసినట్టే ఇదీ మోసుకో."

సుంకన్న అడుగు తడబడింది. వాసం ఊగింది. నేను బిగిశాను.

పాలన్న బతికాడు. ఆసుపత్రిలో కాలు తీసేశారు. అన్న మాట ప్రకారం, ముడి తానే మరిచిపోయానని తిప్పయ్యతో చెప్పాడు. ముడి వేయకుండా పడిందన్నవాడికి బారులో చోటు లేదు, అది ఊరి కట్టు. మొదటి ముడి వేయవలసింది పాలన్న గనుక అతని ఇంటి వలనే తీసేశారు, పడిందన్న సుంకన్నను ఎవరూ అడగలేదు. కాలు లేనివాడికి వేటలో చోటు తీసేయడం పెద్ద శిక్ష కాదని కొందరన్నారు. ఆ చోటు అతని తాత నాటిదని వాళ్ళకూ తెలుసు.

సుంకన్న తిప్పయ్య అరుగు దగ్గరికి పోయాడు. నేను అతని భుజం మీదే ఉన్నాను. పదిమంది కూర్చుని ఉండగా చెప్పాడు. వాడు కొస అడిగినాడు, నేను ఇయ్యలేదు, ముడి పడకుండా చేసింది నేను, చోటు తీస్తే నాది తీయండి. ఇంతకన్నా సూటిగా ఎవరూ చెప్పలేరు.

 తిప్పయ్య అతని చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"బామ్మర్ది మాట పడకూడదని నింద నీ నెత్తిన ఏసుకుంటాండావు. మాకు తెలీదా? మారెక్క అదృష్టవంతురాలప్పా. నీ అట్లా మొగుడు ఎవురికి దొరుకుతాడు."

చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. ఒకడు కళ్ళు తుడుచుకున్నాడు కూడా. సుంకన్న మళ్ళీ చెప్పాడు. ఎంత చెప్తే అంత మంచివాడైపోయాడు. అబద్ధం చెప్పిన నాడు వంగి చూడనివాళ్ళు, నిజం చెప్పిన నాడు కూడా వంగి చూడలేదు.

అటునుంచి అటే పాలన్న ఇంటికి పోయాడు, నువ్వన్నా చెప్పమని. పాలన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. అతని భార్య లచ్చుమక్కే మాట్లాడింది. ఊరి సంగతి ఆమెకు పట్టలేదు.

"ఆయప్పను నేల మీదనుంచి లేపలేక నా నడుము ఇరుగుతాండాది. మీరు మీరు ఏమన్నా చేసుకోండి."

సుంకన్న ఇంటికి వచ్చాడు. నన్ను వాకిట్లో పరిచి, గూట్లోంచి తోలు కుట్టే ఆరె తెచ్చుకుని ఒక మూల కూర్చున్నాడు. మొదటి ముడిలో ఆరె మొన దూర్చాడు.

మారెక్క ముళ్ళు అంత సులువుగా విడవవు. ఆరెతో రానివాటిని పంటితో లాగాడు. కొడవలితో కోస్తే క్షణాల్లో అయిపోయేది, కానీ ముక్కలైన తాడు అల్లకానికి పనికిరాదు. రోజుల తరబడి విప్పాడు. తిప్పయ్య వచ్చి చూసి కంగారుపడ్డాడు. వల విప్పుకున్న ఇంటికి బారులో చోటు పోతుందని, ఇంకెప్పటికీ రాదని హెచ్చరించాడు. సుంకన్న తల ఎత్తలేదు. నేను కన్ను కన్నుగా తగ్గిపోయాను. చివరికి వల పోయి తాడు మిగిలింది. చస్తున్నానో బతుకుతున్నానో నాకే తెలియలేదు.

ఆ తాడుతో మంచం అల్లాడు. కాళ్ళు మామూలుకన్నా ఎత్తుగా పెట్టాడు, ఒంటికాలి మనిషి కూర్చుని లేవడానికి వీలుగా. ఒక పొద్దున్నే నన్ను నెత్తిన పెట్టుకుపోయి పాలన్న వాకిట్లో దించాడు. ఎవరినీ పిలవలేదు. వెనక్కి తిరిగి చూడలేదు. ఆ వాకిలి మళ్ళీ తొక్కలేదు.

లచ్చుమక్క నన్ను లోపలికి లాక్కుపోయింది. ఎవరు పెట్టిపోయారని పాలన్న అడిగాడు. చెప్పింది. అతను చేత్తో నా అల్లిక తడిమి చూశాడు. తరువాత కర్ర పక్కన పెట్టి ఎక్కి పడుకున్నాడు.

వాళ్ళు ఒకరినొకరు క్షమించుకున్నారని మీరనుకుంటే అది మీ ఇష్టం. నాకు మాత్రం అలాంటిదేమీ కనిపించలేదు. మంచం వచ్చింది, మనిషి రాలేదు. మంచం మీద పడుకున్నాడు, పేరు ఎత్తలేదు.

ఇప్పుడు నా పని బరువు మోయడం. ఆ పని నాకు కొత్త కాదు. కాకపోతే వలలో పడ్డ పంది కాసేపు కొట్టుకుని ఆగిపోతుంది. మనిషి తెల్లవార్లూ అటూ ఇటూ పొర్లుతూనే ఉంటాడు.