శవపేటిక మందం మీద నా థీసిస్

నలభై రెండేళ్ళ వయసులో యూరోపియన్ చట్టంలో మాస్టర్స్ చేస్తానంటే మా టౌన్‌హాల్‌లో అందరూ మర్యాదగా నవ్వారు. మర్యాద లేని వాళ్ళు కూడా నవ్వారనుకోండి. పదిహేడేళ్ళుగా నేను మూడో కౌంటర్ మనిషిని. మరణ ధ్రువపత్రాలు, శ్మశానంలో స్థలాలు, సమాధుల మీద ఫిర్యాదులు, అన్నీ నా కిటికీ దగ్గరికే వస్తాయి. పై ఆఫీసులో, న్యాయ విభాగంలో ఒక ఖాళీ పడింది. దానికి ఈ డిగ్రీ కావాలి, అదీ జూలై లోపల. రాకపోతే రిటైరయ్యేదాకా నాకు మూడో కౌంటరే గతి. జీతం లేని సెలవు ఏడాది పెట్టి, రోజూ రైలెక్కి గెంట్ యూనివర్సిటీకి పోయి, నాకు సగం వయసున్న పిల్లల పక్కన కూర్చున్నాను.

థీసిస్‌కి విషయం వెతుక్కునే పని పడలేదు. అప్పుడే లక్సెంబర్గ్‌లో ఉన్న యూరోపియన్ కోర్టులో ఒక కేసు నడుస్తోంది. స్లొవేనియాలో ఒకాయన పన్నెండు మిల్లీమీటర్ల చెక్కతో శవపేటికలు చేస్తాడు. నది ఒడ్డునున్న ఒక డచ్ ఊరు, ఇరవై రెండుకు తగ్గితే మా నేలలో పెట్టనివ్వం అంది. ఒక దేశంలో సక్రమంగా అమ్ముకునే సరుకుని ఇంకో దేశం ఆపకూడదు, ఆపాలంటే గట్టి కారణం చూపించాలి. మాకు మొదటి రోజు చెప్పిన పాఠమే అది.

ఆ కారణం నాకు తెలుసు. మా ఊరూ నది పక్కదే. పలచటి పెట్టె తడి నేలలో రెండేళ్ళు ఆగదు. పెట్టె కూలుతుంది, పైన సమాధి కుంగుతుంది. అలా కుంగిన రోజున అల్ఫోన్సీన్ అనే పెద్దావిడ నా కిటికీ ముందు నిలబడి, "మా ఆయనకి తడి పడదమ్మా, బతికున్నప్పుడే జలుబు చేసేది" అంది. ఫిర్యాదు కాగితం మీద నేనే చెయ్యి పట్టుకుని సంతకం పెట్టించాను.

డిసెంబరుకల్లా తొంభై పేజీలు రాసి నా థీసిస్ గైడ్ ప్రొఫెసర్ ఫెరేకెన్ చేతిలో పెట్టాను. న్యాయం ఆ డచ్ ఊరిదేనని రాశాను.

ఆయన పేజీలు తిప్పి తిప్పి ఒకచోట ఆగారు. "వేర్లె గారూ, ఈ పెద్దావిడ ఎవరు?"

"మా ఊరావిడండీ."

"ఏ పత్రికలో వచ్చారు?"

"పత్రికలో రాలేదు. నా కౌంటర్‌కి వచ్చింది."

"మరి ఫుట్‌నోట్‌లో ఏమని రాస్తారు?" అన్నారు. ఆయన మొహంలో నిజమైన జాలి కనిపించింది.

జనవరిలో అడ్వకేట్ జనరల్ అభిప్రాయం వచ్చింది. పేరు చూసి మోసపోకండి, ఆయన ఎవరి తరఫునా వాదించడు. కోర్టులోనే కూర్చుని, జడ్జీలు తీర్పు రాయకముందే 'నాకైతే ఇలా తోస్తోంది' అని రాసిచ్చే పెద్దమనిషి. జడ్జీలు వినాలని లేదు, కానీ ఎక్కువగా వింటారు. మా చదువంతా ఆ 'ఎక్కువగా' మీదే బతుకుతుంది. ఆ పెద్దమనిషికి పెట్టెల వాడిదే న్యాయమని తోచింది.

ఫెరేకెన్ గారు కబురు పెట్టారు. "మార్చెయ్యండి."

"మొత్తమా?"

"అబ్బే, ముగింపు ఒక్కటే. కాకపోతే దానికి సరిపడేలా ముందున్నది కూడా."

అంటే తొంభైలో ఎనభై ఆరు పేజీలు. ఒళ్ళు మండింది. కానీ మార్కులు వేసేది ఆయనే కదా, నోరు మూసుకుని మార్చాను. ఊరి వాదన పీకేసి పెట్టెల వాడి వాదన కట్టాను, పెద్దావిడని తీసేశాను. చివరికి థీసిస్ తళతళలాడింది. రెండువందల పధ్నాలుగు ఫుట్‌నోట్లు.

నా పక్కన కూర్చునే లాత్వియా పిల్ల ఇల్జె, రైల్వే స్టేషన్ దగ్గర బంగాళాదుంప వేపుడు తింటూ నిలదీసింది. "ఏంటక్కా, ఊరిని వదిలేసి పెట్టెల వాడితో లేచిపోయావట?"

"పోయాను."

"వాడు చెప్పేది నువ్వు నమ్ముతున్నావా?"

"ఫుట్‌నోట్లు నమ్ముతున్నాయిగా, చాలదూ?"

"నీకు సిగ్గు లేదక్కా" అని నా పొట్లంలోంచి నాలుగు ముక్కలు లాక్కుంది.

జూన్‌లో థీసిస్ మీద మౌఖిక పరీక్ష పెట్టారు. గురువారం, పదకొండింటికి. రెండు వారాల ముందు కోర్టు కూడా తీర్పు తేదీ ప్రకటించింది. అదే గురువారం, తొమ్మిదిన్నరకి. ఇల్జె అది చూసి నవ్వు ఆపుకోలేక చాలాసేపు దగ్గింది.

ఆ పొద్దున ఇద్దరం వరండాలో బల్ల మీద కూర్చుని ఫోన్‌లో అదే పేజీని నొక్కుతూనే ఉన్నాం. తొమ్మిదీ ముప్ఫై రెండుకి తెరుచుకుంది. ఇల్జె చివరి పేరా చదివి ఫోన్ నా చేతిలో పెట్టింది.

"అక్కా, నువ్వు గెలిచావు."

"ఏ నేను?"

"డిసెంబరు నువ్వు."

తడి నేల, కూలే పెట్టె, కుంగే సమాధి, చచ్చినవాళ్ళ గౌరవం. అన్నీ ఉన్నాయి, నేను పెట్టిన వరుసలోనే ఉన్నాయి. ఆ డచ్ ఊరు నేల పరీక్షల నివేదిక జత చేసిందట. అంటే వాళ్ళ దగ్గర ఫుట్‌నోట్ ఉంది. సంతోషమో దుఃఖమో తేల్చుకునే తీరిక లేదు.

ఫెరేకెన్ గారు కాఫీ కప్పుతో వచ్చారు. "చూశారా?"

"చూశానండీ."

"కంగారు పడకండి. కోర్టు పొరబడింది అనండి. మన రంగంలో అది మామూలు మాట, నేను ముప్ఫై ఏళ్ళుగా అంటున్నాను. శీర్షిక కింద 'ఒక విమర్శ' అని చేర్చుకుంటే సరిపోతుంది."

"నేను రాసింది తీర్పు కన్నా ముందు కదండీ?"

"ముందుచూపు గల విమర్శ" అని ఆయన లోపలికి వెళ్ళారు.

లోపల ఇంకో పరీక్షకురాలు ఉంది, మాస్ట్రిక్ట్ నుంచి వచ్చిన టెర్‌బ్రుగ్ మేడమ్. నేను బుద్ధిగానే మొదలుపెట్టాను, కోర్టు పొరబడిందని ఇరవై నిమిషాలు చెప్పాను. ఆవిడ అంతా విని కళ్ళజోడు తీసింది.

"బాగుందమ్మా. ఇంతకీ మీరేమనుకుంటున్నారు?"

ఈ ఏడాదిలో నన్నెవరూ అడగని ప్రశ్న అది. ఇదే మాట మీద నిలబడితే గట్టెక్కేస్తాను, ఉద్యోగం నాది. ఆ సంగతి నాకు బాగా తెలుసు. అయినా నోరు ఆగలేదు.

"కోర్టుదే ఒప్పండీ" అన్నాను.

ఇక ఆగింది లేదు. నీళ్ళు ఏ నెలలో ఎంత లోతుకి వస్తాయో చెప్పాను. కూలిన పెట్టెల్ని మళ్ళీ తవ్వి తీసే మా పనివాళ్ళు ఆ రోజు మధ్యాహ్నం ఎందుకు అన్నం ముట్టరో చెప్పాను. అల్ఫోన్సీన్ గారి గురించి చెప్పాను, ఆవిడ మాటతో సహా.

"మరి థీసిస్‌లో తిరగేసి రాశారేం?" అంది మేడమ్.

ఫెరేకెన్ గారు తన పెన్ను మూత చూసుకుంటున్నారు. ఆయన్ని బజారుకీడ్చడానికి ఒక్క వాక్యం చాలు. నాకు మనసొప్పలేదు.

"రాసేటప్పుడు అలా అనిపించిందండీ" అన్నాను.

నన్ను బయట నిలబెట్టి, పావుగంట తర్వాత పిలిచారు. ఇరవైకి ఎనిమిది. పది వస్తేనే పాసు.

"మీ వాదన అద్భుతమమ్మా" అంది మేడమ్, చాలా బాధగా. "మీ థీసిస్ తప్పని మమ్మల్ని పూర్తిగా ఒప్పించారు. కానీ మేము మార్కులు వెయ్యాల్సింది థీసిస్‌కి. ఆగస్టులో ఇంకోసారి ఇవ్వొచ్చు."

ఆ ఖాళీ జూలైలోనే మూసేస్తారు. అది ఆవిడకి చెప్పి ఏం లాభం? ఏడుపొచ్చింది, ఏడ్చాను. బల్ల మీదున్న కాగితపు రుమాళ్ళు ఇద్దరూ ఒకేసారి నా వైపు తోశారు.

ఫెరేకెన్ గారు గొంతు సవరించుకున్నారు. "ఈ మాటలేవో మొదట్లోనే రాసి ఉండాల్సిందండీ మీరు."

"రాశాను" అన్నాను.

"ఎప్పుడు?"

"డిసెంబరులో. తొంభై పేజీలు. మీ చేతికే ఇచ్చాను."

టెర్‌బ్రుగ్ మేడమ్ నెమ్మదిగా ఆయన వైపు తిరిగింది. ఆయన కాసేపు ఆలోచించారు. గుర్తొచ్చింది. ఆయనది దొంగ మొహం కాదు, అక్కడే వచ్చింది చిక్కు.

"ఆ, అది! చదివాను. చాలా బాగుంది" అన్నారు. "కానీ అప్పటికి అది తప్పు కదా?"

"అప్పుడూ ఆ నేల తడిగానే ఉంది, ప్రొఫెసర్ గారూ" అన్నాను.

ఆయన అది ఒప్పుకున్నట్టే తలాడించి, తర్వాతి విద్యార్థిని లోపలికి పిలిచారు.