కుడిపక్క తలుపు

1968 జూన్ 17, సోమవారం. మృగశిర కార్తె వచ్చి వారం దాటినా పలాసలో చినుకు పడలేదు. ఉక్కకి జీడిపిక్కల బస్తాలకి కూడా చెమట పడుతున్నట్టుంది. పొద్దున్నే నరసింగరావు తన జీడి షెడ్డు ముందు నిలబడి దగ్గాడు. తలుపు తెరుచుకుంది. పిక్కలు కొట్టే ఆడవాళ్లు లోపలికి వెళ్లారు.

ఆ ఊళ్లో తలుపులు యజమాని దగ్గుకే తెరుచుకుంటాయి. బరంపురం నుంచి ఒకాయన వచ్చి తాళాల కొట్టు పెట్టి, ఏడాదిపాటు ఈగలు తోలుకుని వెళ్లిపోయాడు. పాపం, తాళాలు మంచివే. మా మేనమామ ఒకటి కొని పేపర్లు ఎగరకుండా పెట్టుకునేవాడు. సరే, షెడ్డు సంగతికి వద్దాం.

ఇరవై మంది పనిచేస్తే అది ఫ్యాక్టరీ. ఫ్యాక్టరీ అయితే చట్టం వస్తుంది. సెలవులివ్వాలి, ప్రమాదం జరిగితే పరిహారమివ్వాలి. నరసింగరావు షెడ్డులో ముప్ఫై మంది ఉన్నారు. అందుకని ప్లీడరు జగన్నాధం ఒక ఉపాయం చెప్పాడు. షెడ్డు మధ్యన తడిక కట్టి, కుడివైపు ఇంకో తలుపు పెట్టి, ఆ సగం వేరే పేరున రిజిస్ట్రీ చేయించమన్నాడు. బంధువుల పేరున మాత్రం వద్దన్నాడు. వాళ్లు తిరిగివ్వరు.

జగ్గమ్మ నరసింగరావు తండ్రి కాలం నుంచీ అక్కడే పిక్కలు కొడుతోంది.

"నీకంటే నమ్మకస్తులు నాకెవరున్నారే? కుడిపక్క సగం నీ పేరున రాస్తన్నాను. ఉత్తి కాయితం మీదే," అన్నాడాయన.

"నాకేటి తెలుస్తాది బాబూ. ఎయ్యమంటే ఏస్తాను," అని వేలిముద్ర వేసింది. ఇంటికెళ్లి కూతురు చిన్నతల్లితో, "బాబు నన్ను తోబుట్టువులా సూస్తన్నాడే," అని మురిసిపోయింది.

తడికా కొత్త తలుపూ పెట్టి రిజిస్ట్రీ అయిన మర్నాడు నరసింగరావు దగ్గితే ఎడమ తలుపే తెరుచుకుంది. మళ్లీ దగ్గాడు. కుడి తలుపు కదల్లేదు.

"ఒసే జగ్గీ, నువ్వు దగ్గవే. ఎండెక్కిపోతన్నాది," అంది పక్కపీట దాలమ్మ. జగ్గమ్మ దగ్గింది. తలుపు తెరుచుకుంది. అందరూ వెళ్లి పనికి కూర్చున్నారు.

దసరా ముందు పిక్క చిట్లి జీడి నూనె జగ్గమ్మ కంట్లో పడింది. ఆ కన్ను పోయింది. చూపు ఆనక సుత్తి వేళ్ల మీద పడుతుంటే ఇంక పని చెయ్యలేక నరసింగరావు దగ్గరికెళ్లింది.

"బాబూ, కన్ను పోనాది. సట్టం ఏదో ఉన్నాదంట గదా."

"ఉన్నాది. కూలీకి దెబ్బ తగిలితే యజమాని ఇయ్యాల. ఆ పక్క యజమానివి నువ్వే. ఎవరినడుగుతావు?"

"కాయితం మీదే అన్నావు గదా బాబూ!"

"సట్టం మరెక్కడుంటాదే?"

ఆమె ఇంటికెళ్లిపోయింది. నాలుగు రోజులు దగ్గడానికి కూడా షెడ్డుకి రాలేదు. కుడిపక్క సరుకు లోపలే ఉండిపోయింది. నరసింగరావు గొంతు పోయేదాకా దగ్గి, చివరికి ఆమె గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు.

"జగ్గమ్మా, ఒక్కసారి వచ్చి దగ్గవే."

"నాకు దగ్గు నేదు బాబూ," అంది, చేట చెరుగుతూనే.

మరో వారానికి ఆమే వెళ్లి దగ్గింది, తన కోసం. దాలమ్మతో సహా సగం మంది ఆ పక్కకి వెళ్లిపోయారు. కుడి సగం జగ్గమ్మదే అయింది. ఊరు దాన్ని వింతగా చూడలేదు.

వింతల్లా తరవాత జరిగింది. జగన్నాధం ప్లీడరు ఇప్పుడు జగ్గమ్మ అరుగు మీద కాఫీ తాగేవాడు. ఆమె ఆయన దగ్గర నేర్చుకున్నది ఒక్కటే, ఎవరి పేరూ ఏ కాయితం మీదా ఎక్కించకూడదని. దాలమ్మ చేతివేళ్లు జీడి నూనెకి కాలి కొంకర్లు పోయి పరిహారం అడిగినప్పుడు, "నీ పేరు ఎక్కడున్నాదే?" అంది జగ్గమ్మ.

జగ్గమ్మ పోయాక కుడి సగం చిన్నతల్లికి వచ్చింది. ఎడమ సగం నరసింగరావు కొడుక్కి వచ్చింది, అమ్ముకున్నాడు. తడిక ఎవరూ అడగలేదు, చెదలు తిన్నాయి. దాలమ్మకి ఏమీ రాలేదు. ఆమె ఆ షెడ్డులో పనిచేసిందని యజమానిగా చెప్పగలిగినది చిన్నతల్లి ఒక్కతే. చిన్నతల్లి చెప్పలేదు.